పలుపు, ఫొటో, పంచనామా
(తుఫానులో పశువు పోతే ప్రభుత్వ సాయం ఎలా వస్తుంది? – ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. అవి అందరూ రాస్తారు. మన పాఠ్యపుస్తకంలో లేని, మన ఇళ్లలో మాత్రం ఎప్పుడూ అవసరపడే పాఠం ఒకటి రాస్తే మేలనిపించింది. సాయంత్రం స్టడీ అవర్‌లో ఒకసారి అడిగి చూడండి, "మీ ఇంట్లో గేదె ఉందా, ఆవు ఉందా, మేకలున్నాయా?" అని. సగానికి పైగా చేతులు లేస్తాయి. ఎకరా భూమి లేని ఇంట్లో కూడా ఒక గేదె ఉంటుంది. మన పుస్తకాలు, పండక్కి బట్టలు, అక్క పెళ్లి, నాయన వైద్యం అన్నీ దాని పొదుగు నుంచే వస్తాయి. ఆ గేదె ఒక రాత్రి తుఫానులో పోతే ఏమవుతుంది? ప్రభుత్వం ఏమిస్తుంది? ఎవరికి ఇస్తుంది? ఎవరికి అందకుండా పోతుంది? ఇదే ఈ పాఠం.

మా ఇంటి సంగతి

2014 అక్టోబరు 12, ఆదివారం. నేను అప్పుడు ఈ హాస్టల్‌లో తొమ్మిదో తరగతి. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విజయనగరం జిల్లా కోస్తా మండలాలు కూడా దాని దెబ్బ తిన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇంట్లో వాళ్లు బతికున్నారో లేదో తెలియక ఎంతమందిమి వరండాలో కూర్చుని ఏడ్చామో ఆనాటి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయిదో రోజున నేను ఊరు చేరాను. అమ్మ బాగానే ఉంది. నాయన అప్పటికే పనికి చెన్నై వలస వెళ్లి ఉన్నాడు. పశువుల శాల మట్టిగోడ కూలిపోయింది. గోడ కింద మా గేదె పోయింది. మెడకు పలుపు ఉంది, పలుపు గుంజకు కట్టే ఉంది.

మరునాడు ఊరివాళ్లు జాలిపడి, వాసన రాకముందే దాన్ని లాగి ఊరి చివర గొయ్యి తీసి పూడ్చేశారు. అది మంచి పనే. ఆ తరవాత కొన్నాళ్లకు నష్టం రాసుకునేవాళ్లు వచ్చారు. "గేదె ఏదమ్మా?" అన్నారు. అమ్మ పూడ్చిన చోటు చూపించింది. ఫొటో లేదు, పశువైద్యుడి కాగితం లేదు, చెవికి పోగు లేదు, పాల కేంద్రంలో పుస్తకం కూడా లేదు. ఎందుకంటే అమ్మ పాలు ఊళ్లోనే ఇళ్లకు పోసేది. జాబితాలో మా పేరు రాలేదు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్ల చేతిలో ఉన్న ఫారంలో మా గేదెకు చోటు లేదు, అంతే. నాయన వచ్చాక అమ్మ ఒకటే మాట అంది: "గేది సచ్చిపోనాది గానీ, సచ్చిపోనట్టు కాయితం లేదట!"

ఆ మాటే నన్ను పదో తరగతి తరవాత పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమాకు పంపింది. ఇప్పుడు నేను చేస్తున్న పనిలో తుఫాను వచ్చినప్పుడల్లా ఆ ఫారం నా చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ సంగతి రెండు వైపుల నుంచీ తెలుసు.

ఈ డబ్బు ఎక్కడిది?

చాలామంది ఈ సాయాన్ని ఏదో ఒక నాయకుడు దయతలచి ఇచ్చేదనుకుంటారు. కాదు. 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు ప్రతిస్పందన నిధి ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల నిధిలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. ఎంత వేయాలో ఫైనాన్స్ కమిషన్ లెక్క కడుతుంది. రాష్ట్ర నిధికి మించిన పెద్ద విపత్తు వస్తే జాతీయ నిధి నుంచి అదనంగా అడగవచ్చు.

ఆ నిధి నుంచి దేనికి ఎంత ఖర్చు పెట్టవచ్చో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఒక పట్టిక ప్రకటిస్తుంది. మనిషి చనిపోతే ఎంత, ఇల్లు కూలితే ఎంత, పంట పోతే ఎంత, పడవ విరిగితే ఎంత, పశువు పోతే ఎంత అని అందులో ఉంటుంది. కొన్నేళ్లకోసారి దాన్ని సవరిస్తారు. రాష్ట్ర ప్రభుత్వం తన సొంత డబ్బుతో ఇంకా ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు. అందుకే ఒక్కో తుఫానుకు ఒక్కో మొత్తం విన్నట్టు ఉంటుంది.

కేంద్ర పట్టికలో విపత్తులంటే తుఫాను, వరద, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం వంటివి. 2022–26 కాలపు జాబితాలో పిడుగు లేదు. అయితే రాష్ట్రాలు తమ నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. చెట్టుకింద నిలబడ్డ మేకల మంద పిడుగుకు పోవడం మన వైపు కొత్త కాదు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రోగంతో పోయిన పశువుకు ఈ నిధి వర్తించదు. దానికి బీమా ఉంది, కింద చెబుతాను.

ఎంత వస్తుంది?

కేంద్రం నిర్ణయించిన మొత్తాలు ఎలా మారుతూ వచ్చాయో చూడండి. 2013 నవంబరులో సవరించినప్పుడు పాడిగేదెకు లేదా ఆవుకు 16,400 రూపాయలు, గొర్రెకు లేదా మేకకు 1,650 రూపాయలు. 2015–20 కాలానికి అవి 30,000, 3,000 అయ్యాయి. 2022–26 కాలానికి ఇలా ఉన్నాయి:

పాడిగేదె, ఆవు – 37,500 రూపాయలు.
గొర్రె, మేక, పంది – 4,000 రూపాయలు.
దుక్కిటెద్దు – 32,000 రూపాయలు.
దూడ, గాడిద – 20,000 రూపాయలు.
కోడి – ఒక్కోదానికి 100 రూపాయలు, ఇంటికి 10,000 మించకుండా.
ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల శాల – 3,000 రూపాయలు.

దీనికి ఒక హద్దు ఉంది. ఇంట్లో ఎన్ని పోయినా పెద్ద పాడి పశువులైతే మూడింటికి, గొర్రెలు మేకలైతే ముప్పయింటికి, ఎడ్లయితే మూడింటికి మాత్రమే లెక్క కడతారు. వంద గొర్రెల మంద వరదలో కొట్టుకుపోయిన కాపరికి ముప్పయి గొర్రెల డబ్బే వస్తుంది, అంటే 1,20,000 రూపాయలు. మిగతా డెబ్బై గొర్రెలు అతను ఏరు పాలు చేసుకున్నట్టే.

సాయమా, పరిహారమా?

పేపర్లో "నష్టపరిహారం" అని రాస్తారు. మనమూ అదే అంటాం. ప్రభుత్వ నిబంధనల్లో మాత్రం ఇది పరిహారం కాదు, సహాయం. ఈ రెండు మాటలకూ తేడా తెలుసుకోవడం చదువుకున్నవాళ్ల పని. పరిహారమంటే పోయినదానికి సమానమైన విలువ. సహాయమంటే కుటుంబం మళ్లీ కాళ్లమీద నిలబడటానికి చేయూత.

మానాపురం సంతకో, నారాయణవలస సంతకో వెళ్లి ఈనిన ముర్రా జాతి గేదె ధర అడగండి. 37,500తో ఒక మంచి పాడిగేదె రాదు, దానికి రెట్టింపు అయినా కావాలి. పైగా గేదె పోయిన రోజు నుంచి కొత్త గేదె వచ్చేదాకా పాల డబ్బు ఆగిపోతుంది. ఆ ఆగిన డబ్బుకు ఈ పట్టికలో గడి లేదు. అందుకని ఈ సాయం తక్కువని చెప్పడం న్యాయమే. కానీ తక్కువైన ఆ సాయం కూడా మనదాకా రాకుండా పోవడం ఇంకా పెద్ద అన్యాయం. ముందు రెండోదాన్ని ఆపుదాం.

ఎక్కడ ఆగిపోతుంది?

తుఫానుకు పశువు పోతే పని ఇలా నడుస్తుంది. ఊళ్లో రెవెన్యూ ఉద్యోగి, పశుసంవర్ధక శాఖ ఉద్యోగి వచ్చి చూస్తారు. పశువైద్యుడు చావుకు కారణం ధ్రువీకరిస్తాడు. వీలైతే శవపరీక్ష చేస్తాడు. ఊరివాళ్ల సాక్షి సంతకాలతో పంచనామా రాస్తారు. ఫొటోలు తీస్తారు. ఇవన్నీ జాబితాగా తహసీల్దారు దగ్గరకు, అక్కణ్నుంచి కలెక్టరుగారికి వెళతాయి. మంజూరయ్యాక డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దీన్ని చూస్తే ఆగిపోయే చోట్లు నాలుగు కనిపిస్తాయి.

మొదటిది సమయం. చచ్చిన పశువు ఒకటి రెండు రోజులకు మించి ఉండదు. రోడ్డు మీద చెట్లు పడి అధికారులు ఊరికి చేరడానికి అంతకంటే ఎక్కువ రోజులు పట్టవచ్చు. ఈ మధ్యలో సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

రెండోది గుర్తు. అది మన పశువేనని చెప్పేదేమిటి? చెవికి వేసే పసుపు పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. గాలికుంటు టీకా వేసేటప్పుడు ఆ పోగు వేస్తారు. "చెవి కుడితే పాలు తగ్గుతాయి" అని పశువును దాచేసేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. పాలు తగ్గవు. పోగు లేని పశువు మాత్రం కాగితం మీద లేనట్టే.

మూడోది బ్యాంకు ఖాతా. ఆధార్ కలవని ఖాతా, చాలాకాలం వాడని ఖాతా, వలస వెళ్లిన నాయన పేరు మీద ఉన్న ఖాతా. మంజూరైన డబ్బు కూడా ఇక్కడ ఆగుతుంది.

నాలుగోది అసలు యజమాని ఎవరన్న ప్రశ్న. దాన్ని విడిగా చెప్పాలి.

పాలికి పెంచే పశువు

మన ఊళ్లలో డబ్బున్నవాళ్లు పశువును కొని, లేనివాళ్లకు పెంపకానికి ఇస్తారు. మేత, నీళ్లు, చాకిరి మనవి. ఈనిన దూడల్లో చెరి సగం, లేదా అమ్మిన ధరలో చెరి సగం. దీనికి కాగితం ఉండదు, నోటిమాటే. మేకలను, పెయ్యలను ఇలా పాలికి పెంచే ఇళ్లు మన హాస్టల్ పిల్లల్లో ఎన్నో ఉన్నాయి.

ఆ పశువు తుఫానుకు పోతే సాయం ఎవరికి? ఫారంలో యజమాని పేరు అని ఒకే గడి ఉంటుంది. ఆ గడిలో కొన్నవాళ్ల పేరు రాస్తారు. మూడేళ్లు గడ్డి కోసి, తోమి, పురుడు పోసి, చివరికి వరదనీళ్లలో దాని మెడ పట్టుకుని ఏడ్చిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. యజమాని మంచివాడైతే సగం ఇస్తాడు. కాకపోతే లేదు.

దీనికి మందు గొడవ కాదు, రెండు లైన్ల కాగితం. "ఫలానా పెయ్యను ఫలానా తేదీన పాలికి ఇచ్చాను. పశువు ఏ కారణం చేతనైనా పోయి డబ్బు వస్తే చెరి సగం." కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. పశువును తోలుకొచ్చే రోజున అడిగితే ఎవరూ కాదనరు. పోయాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఈ కాగితం మనవాళ్లు అడగలేరు, మొహమాటం. బడికి వెళ్లే పిల్లవాడు అడిగితే నవ్వుతూ రాసిస్తారు. ఇది నేను కళ్లారా చూశాను.

ఒక చెల్లెలి నోటుపుస్తకం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగాయి. నేను డిప్లొమా పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. మా పెద్దమ్మ వాళ్ల ఊరు అటే. చెట్లు నరికే గుంపుతో కలిసి వెళ్లాను.

అక్కడ ఒక వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఆమె కూడా హాస్టల్ పిల్లే, దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. తుఫాను ముందురోజు సాయంత్రం టీవీలో హెచ్చరిక విని ఆమె చేసిన పని ఇది. వీధిలో పదకొండు ఇళ్లకు తిరిగి, ఎవరికి ఎన్ని గేదెలు, ఆవులు, మేకలు ఉన్నాయో లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలో గీతలు కొట్టి రాసింది. రంగు, కొమ్ములు, చెవిపోగు ఉంటే నంబరు. ప్రతి ఇంటివాళ్లతో వేలిముద్రో సంతకమో పెట్టించింది. పెద్దవాళ్లు నవ్వారట, "ఏటి గుంటా, జనాభా లెక్కలా?" అని.

తుఫాను తరవాత ఆ వీధిలో రెండు గేదెలు, కొన్ని మేకలు పోయాయి. అన్నయ్య ఫోనులో చార్జింగు ఉండగానే ఆమె ఫొటోలు తీయించింది. నాలుగో రోజుకు అధికారులు వచ్చేసరికి పశువులు పూడ్చేసి ఉన్నాయి. కానీ నోటుపుస్తకం ఉంది. తుఫానుకు ముందు తేదీతో, పదకొండు ఇళ్ల సంతకాలతో. వచ్చిన పశువైద్యుడు ఆ పేజీని రెండుసార్లు చదివి, పంచనామాకు జతచేయడానికి ఫొటో తీసుకున్నాడు. పక్కవీధిలో రాని పేర్లు ఈ వీధిలో వచ్చాయి.

నేను ఆ రోజున మా అమ్మను తలచుకున్నాను. నాలుగేళ్ల కిందట మా వీధిలో అలాంటి నోటుపుస్తకం ఎందుకు లేదు? రాయడం వచ్చిన నేను హాస్టల్‌లో ఉన్నాను. ఊళ్లో ఉన్నప్పుడు కూడా రాయాలని నాకు తెలియదు.

అమెరికాలోనూ ఒక అక్టోబరు

ఇది మన పేదదేశపు బాధే అనుకోకండి. పశువులను వందల్లో వేలల్లో పెంచే అమెరికా రైతులకూ ఈ పాఠం ఒకసారి వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి ప్రాంతాలను వణికించింది కదా! దానికి వారం ముందు, అదే నెల 3 నుంచి 5 వరకు, అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో పెద్ద మంచుతుఫాను వచ్చింది. దాన్ని అట్లాస్ అన్నారు. పశువులు ఇంకా వేసవి పచ్చికబయళ్లలోనే ఉన్నాయి, వాటి ఒంటిమీద చలికాలపు బొచ్చు పెరగలేదు. ముందు వాన తడిపింది, తరవాత గాలితో మంచు పడింది. వేలకు వేల ఆవులు చనిపోయాయి.

ఆ దేశంలో పశువులు పోయిన రైతులకు సాయం చేసే పథకం ఒకటి ఉండేది. కానీ దాని గడువు అప్పటికే ముగిసింది, కొత్త చట్టం కాలేదు. పైగా బడ్జెటు గొడవవల్ల ఆ వారం కేంద్రప్రభుత్వ కార్యాలయాలే మూతపడి ఉన్నాయి. నష్టం రాసుకునే నాథుడు లేడు. అప్పుడు అక్కడి అధికారులు, రైతు సంఘాలు ఒకే మాట చెప్పాయి: పథకం ఉన్నా లేకపోయినా ప్రతి పశువుకూ ఫొటో తీయండి, లెక్క రాయండి, బయటి మనిషితో ధ్రువీకరణ చేయించండి.

2014 ఫిబ్రవరి 7న కొత్త వ్యవసాయ చట్టం మీద సంతకమైంది. 2011 అక్టోబరు నుంచి పోయిన పశువులకు కూడా అది వర్తించింది. పశువు బజారు విలువలో 75 శాతం ఇచ్చారు. ఏప్రిల్‌లో దరఖాస్తులు మొదలైనప్పుడు, అక్టోబరులో రాసి ఉంచుకున్న లెక్కలే పనికొచ్చాయి.

ఇందులో మనం రెండు సంగతులు చూడాలి. ఒకటి, అక్కడ సాయం బజారు ధరతో ముడిపడి ఉంది, మన దగ్గర ఒకే స్థిరమైన మొత్తం. బజారు ధరతో ముడిపెట్టమని మనం అడగడంలో తప్పులేదు. రెండు, అంత పెద్ద దేశంలో కూడా సాయం కన్నీటిని చూసి రాలేదు, కాగితాన్ని చూసి వచ్చింది.

మనం చేయవలసిన పనులు

తుఫానుకు ముందు: సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన వీధి పశువుల లెక్క ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. రంగు, వయసు, చెవిపోగు నంబరు, తేదీ, సంతకం ఉండాలి. పశువును ఇంటి ముందు నిలబెట్టి, యజమాని పక్కన ఉండేలా ఒక ఫొటో తీయండి. పోగు లేకపోతే టీకాల రోజున వేయించండి. అమ్మ పేరున బ్యాంకు ఖాతా పనిచేస్తోందో లేదో చూడండి. వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుకరోగం టీకా వేయించండి. వరద తరవాత ఈ రోగాలు వస్తాయి, రోగంతో పోతే విపత్తు సాయం రాదు.

బీమా సంగతి కూడా ఇక్కడే. 2024లో కేంద్రం జాతీయ పశుధన మిషన్ నిబంధనలు మార్చింది. బీమా ప్రీమియంలో రైతు వాటా 15 శాతానికి తగ్గింది, మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. రోగంతో పోయినా బీమా వర్తిస్తుంది. మీ ఊరి పశువైద్యశాలలో అడగమని ఇంట్లో చెప్పండి.

తుఫాను రాత్రి: పలుపు విప్పండి. దీన్ని మించిన సలహా నా దగ్గర లేదు. కట్టేసిన పశువు గోడ కింద పోతుంది, నీటిలో మునిగి పోతుంది. వదిలేసిన పశువు మిట్ట వెతుక్కుంటుంది, చాలావరకు తిరిగి వస్తుంది. తప్పిపోయిన పశువును వెతుక్కోవచ్చు. మా అమ్మ పలుపు విప్పి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

తుఫాను మరునాడు: పూడ్చకముందు ఫొటో. ముఖం ఒకటి, చెవిపోగు ఒకటి, మొత్తం ఒళ్లు ఒకటి, కూలిన శాలతో కలిపి ఒకటి, ఇంటివాళ్లు పక్కన నిలబడి ఒకటి. సచివాలయానికి, పశువైద్యశాలకు వెంటనే కబురు చేయండి. ఫోను పనిచేస్తే 1962 నంబరు ఉంది. అధికారి రాలేకపోతే అయిదుగురు ఊరివాళ్ల సంతకాలతో ఒక తెల్లకాగితం మీద తేదీ, సమయం, ఎలా పోయిందో రాయండి. తరవాత బావికి, చెరువుకు దూరంగా లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఫొటో కోసమని రోజుల తరబడి ఉంచితే ఊరికే ప్రమాదం.

జాబితా వచ్చాక: మీరే చదవండి, ఇరుగుపొరుగుకు చదివి వినిపించండి. పేరు లేకపోతే తహసీల్దారుకు అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్స్ ఉంది. కారణం చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లేని పశువును మాత్రం ఎప్పుడూ రాయించకండి. ఒక దొంగ పేరు దొరికితే ఊరి జాబితా మొత్తాన్ని అనుమానంతో చూస్తారు. అప్పుడు నష్టపోయేది నిజంగా పోగొట్టుకున్న ఇల్లే.

చివరి మాట

2022 ఏప్రిల్‌లో మన రెండు జిల్లాల నుంచి పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది. జిల్లాల గీతలు మారాయి, తుఫాన్ల దారి మారలేదు. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు రెండోవారంలోనే వచ్చాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. మళ్లీ వస్తాయి. అప్పుడు మనలో చాలామంది హాస్టల్‌లోనే ఉంటారు, పలుపు విప్పడానికి ఇంట్లో ఉండరు. అందుకే సంక్రాంతికో, వేసవికో వెళ్లినప్పుడే ఈ పాఠం ఇంట్లో చెప్పి రండి.

మన అమ్మానాన్నలు మనల్ని చదువుకు పంపింది ఉద్యోగం కోసమే అనుకుంటాం. మా అమ్మ ఇప్పుడు కూడా వీధిలో ఎవరి ఫారమైనా నా దగ్గరకే తెస్తుంది. "మా గేదికి రాయనేదు, ఈళ్ల గేదికైనా రాయి నాయినా" అంటుంది. నేను రాస్తాను. మీరూ రాయండి.

అభ్యాసం

1. ఒక ఇంట్లో తుఫానుకు అయిదు పాడిగేదెలు పోయాయి. 2022–26 నిబంధనల ప్రకారం ఎంత సాయం వస్తుంది? ఎన్ని గేదెలకు రాదు?

2. ఒక పాడిగేదెకు ఇచ్చే 37,500 రూపాయలలో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత?

3. ఒక ఇంట్లో 140 కోళ్లు పోయాయి. ఎన్ని కోళ్లకు సాయం అందుతుంది?

4. పాలికి ఇచ్చిన మేక గురించి రెండు లైన్ల ఒప్పందం మీ సొంత మాటల్లో రాయండి.

5. వచ్చే సెలవుల్లో మీ వీధి పశువుల జాబితా తయారుచేసి, సంతకాలతో హాస్టల్‌కు తీసుకురండి. (ఈ ప్రశ్నకే మార్కులు ఎక్కువ.)

జవాబులు: 1. 1,12,500 రూపాయలు, రెండు గేదెలకు రాదు. 2. కేంద్రం 28,125, రాష్ట్రం 9,375. 3. నూరు కోళ్లకు. నాలుగు, అయిదు ప్రశ్నల జవాబులు మీ ఊళ్లో ఉన్నాయి.